పోలోని ట్యూన్ చేయించే ముందు స్టాప్‌వాచ్ కొనండి: మార్పులు చేయడం, ఫలితం కొలవడం ఎలా?

కాకి పిల్ల కాకికి ముద్దు. ఎనిమిది వేలు పెట్టి ఎయిర్ ఫిల్టర్ మార్పించుకున్నవాడికి మర్నాటి నుంచి కారు గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. తర్వాత కొలిచి చూస్తే తేడా ఏమీ లేదు. పెరిగింది ఇంజిన్ చప్పుడు ఒక్కటే. అప్పటి నుంచి నాదొకటే నియమం: ముందు కొలత, తర్వాత మార్పు, ఆ తర్వాత మళ్లీ కొలత.

ఈ వ్యాసం ఫోక్స్‌వ్యాగన్ పోలో టీఎస్ఐ (టర్బో పెట్రోల్ ఇంజిన్ రకం) ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మన దగ్గర 2013లో వచ్చిన జీటీ టీఎస్ఐలో 1.2 లీటర్ల ఇంజిన్, 105 పీఎస్ పవర్ (పీఎస్ అంటే హార్స్‌పవర్ లాంటి కొలత), 7 గేర్ల డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్). 2020లో దాని స్థానంలో 1.0 లీటర్ మూడు సిలిండర్ల టర్బో వచ్చింది. దానికి 110 పీఎస్, 175 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం). 2022లో పోలో అమ్మకాలే ఆగిపోయాయి కాబట్టి ఇప్పుడు చేతులు మారేవన్నీ సెకండ్ హ్యాండ్ బండ్లే. మీది ఐ20 ఎన్ లైన్ అయినా, ఆల్ట్రోజ్ రేసర్ అయినా, బలెనో ఆర్ఎస్ అయినా పద్ధతి ఇదే. చిన్న బండి, చిన్న టర్బో, అంతే.

ముందు చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే క్లెయిమ్ రోజున గొడవ ఖాయం. వారంటీలో ఉన్న బండికి ఇంజిన్ రీమ్యాప్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఫైల్ మార్చడం) చేయిస్తే ఆ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇవన్నీ చదివాక కూడా చేయాలనిపిస్తే, ట్రాక్ మీద నడపడానికి చేయించుకోండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు పాత స్థితికి తేగలిగే మార్పులే ఎంచుకోండి.

టైమింగ్ పరుగులు కూడా మామూలు రోడ్డు మీద వద్దు. తెల్లవారుజామున 4 గంటలకు ఔటర్ రింగ్ రోడ్డు ఖాళీగానే కనిపిస్తుంది, కానీ లైట్లు లేని లారీ ఒకటి ఎక్కడో ఒకచోట ఆగి ఉంటుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ తిరుపతి, నెల్లూరు వాళ్లకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దూరమే. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. ట్రాక్ డేలకు ముందుగా డబ్బు కట్టి పేరు నమోదు చేసుకోవాలి. ట్రాక్ దొరకనివాళ్లకు డైనో (బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) ఉంది, దాని గురించి కింద చెబుతాను.

బండిని మొదట మామూలు ఆరోగ్యానికి తెండి

చాలామంది చేసే తప్పు ఇక్కడే. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి, ఎప్పుడు మార్చారో తెలియని స్పార్క్ ప్లగ్‌లు, మట్టి పట్టిన ఫిల్టర్. ఆ స్థితిలో ఒకసారి కొలిచి, ట్యూనర్ దగ్గర ప్లగ్‌లు, ఫిల్టర్, రీమ్యాప్ అన్నీ ఒకే రోజు చేయించి మళ్లీ కొలుస్తారు. పెరిగిన పవర్ మొత్తం రీమ్యాప్ ఖాతాలో పడిపోతుంది. అందులో సగం సర్వీసు వల్ల వచ్చిందేమో ఎవరికి తెలుసు?

కాబట్టి ముందు కొత్త ప్లగ్‌లు, కంపెనీ ఎయిర్ ఫిల్టర్, ఫోక్స్‌వ్యాగన్ ఆమోదించిన గ్రేడ్ ఆయిల్ వేయించండి. బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పైపుల్లో లీకు ఉందేమో చూపించండి. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని సమాచారం చదివే పరికరం) పెట్టి పాత ఫాల్ట్ కోడ్‌లు ఏమున్నాయో చదివించండి. ఇది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల వెనక భాగాన్ని కడిగే పెట్రోల్ ఉండదు, అక్కడ మసి పేరుకుంటుంది. బాగా తిరిగిన బండైతే దాన్ని కూడా శుభ్రం చేయించాకే మొదటి కొలత తీసుకోండి.

క్లచ్ పరీక్ష కూడా ఇప్పుడే. ఐదో గేర్‌లో తక్కువ ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం పైకి ఎగబాకి, స్పీడు మాత్రం దానితో పాటు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. 175 ఎన్ఎంకే జారే క్లచ్ రీమ్యాప్ తర్వాత వారం కూడా నిలవదు.

కొలవడానికి ఏం కావాలి

స్పీడోమీటర్‌ను నమ్మొద్దు. కంపెనీలు దాన్ని కావాలనే కొంచెం ఎక్కువ చూపేలా పెడతాయి. ఫోన్‌లోని జీపీఎస్ మామూలుగా సెకనుకు ఒక్కసారే వేగం నమోదు చేస్తుంది. మీరు కొలవబోయేదే ఐదు సెకన్ల పని. అందులో ఐదు చుక్కలు పెట్టి గీత గీస్తే అది ముగ్గే అవుతుంది గానీ కొలత కాదు. సెకనుకు కనీసం 10 సార్లు చదివే జీపీఎస్ పెట్టె కావాలి. డ్రాగీ లాంటివి ఫోన్‌తో కలిసి పనిచేస్తాయి, రేస్‌లాజిక్ వారి వీబాక్స్ ఖరీదైన రకం. స్నేహితులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలు.

దీనితో పాటు ఒక ఓబీడీ రీడర్, మంచి టైరు గేజ్, ఒక నోట్‌బుక్. ఇంకొకటి చాలామందికి తట్టదు: వేబ్రిడ్జి. హైవే పక్కన రైస్ మిల్లు దగ్గరో, గ్రానైట్ లోడ్లు తూచే చోటో ఉంటుంది. మీరు కూర్చుని ఉండగానే బండిని తూచి చీటీ తీసుకోండి. లారీల వెనక వరసలో పోలో నిలబడితే కాటా దగ్గరి మనిషి నవ్వుతాడు, నవ్వనివ్వండి. ఆ అంకె తర్వాత లెక్కల్లో కావాలి.

పరుగు ఎలా తీయాలి

0 నుంచి 100 అంకె చెప్పుకోవడానికి బాగుంటుంది. 1.2 జీటీకి కంపెనీ చెప్పింది 9.7 సెకన్లు. కానీ మార్పుల ఫలితం కొలవడానికి అది పనికిరాదు. ముందు చక్రాలు ఎంత జారాయి, క్లచ్ ఎలా వదిలారు, గేరు ఎంత త్వరగా వేశారు అన్నవన్నీ అందులో కలిసిపోతాయి. అప్పుడు మీరు కొలిచేది ఇంజిన్‌ని కాదు, మీ ఎడమ కాలిని.

మాన్యువల్ బండిలో మూడో గేర్‌లో 60 నుంచి 100 దాకా పట్టే సమయం కొలవండి. 50 దగ్గర స్థిరంగా నడుపుతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, 105 దాటాక వదలండి. 60కి వచ్చేసరికి టర్బో లేచి ఉంటుంది, గేరు మార్చే పని ఉండదు. రెడ్‌లైన్ (ఇంజిన్ గరిష్ఠ ఆర్‌పీఎం) దగ్గర ఏం జరుగుతోందో చూడాలంటే అదే గేర్‌లో 80 నుంచి 120 కూడా తీయండి. డీఎస్‌జీ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టండి, యాక్సిలరేటర్ అడుగున ఉండే కిక్‌డౌన్ స్విచ్ నొక్కుకోకుండా జాగ్రత్తపడండి. అది నొక్కుకుంటే గేరు దానంతట అదే దిగిపోతుంది, ఆ పరుగు లెక్కలోకి రాదు.

ఒక వైపు మూడు, వెనక్కి తిరిగి మూడు, మొత్తం ఆరు పరుగులు. రెండు వైపులా ఎందుకంటే వాలు కోసం. లెక్క చూడండి. ఈ 40 కిలోమీటర్ల వేగం 5 సెకన్లలో పెరిగితే త్వరణం సెకనుకు సెకనుకు 2.2 మీటర్లు. వంద మీటర్లకు ఒక మీటరు వాలు ఉంటే భూమ్యాకర్షణ దానికి 0.1 కలుపుతుంది. అంటే సుమారు 0.2 సెకన్ల తేడా. ఒక శాతం వాలు కంటికి కనిపించదు. చదునుగానే ఉందనుకుని దిగువకు పరుగు తీసి సంబరపడిన రోజు నాకూ ఉంది.

బరువు కూడా అంతే. మొత్తం 1,200 కిలోలు అనుకుంటే, 70 కిలోల స్నేహితుడు పక్కన కూర్చున్నాడంటే దాదాపు 0.3 సెకన్లు పోయినట్టే. సగం ట్యాంకు పెట్రోల్ సుమారు 17 కిలోలు, దాని వాటా 0.07 సెకన్లు. అందుకే ప్రతిసారీ ట్యాంకు అదే గీత దగ్గర ఉండాలి, బండిలో మీరొక్కరే ఉండాలి, ఏసీ ఆపాలి, అద్దాలు మూయాలి, టైర్లలో చల్లగా ఉన్నప్పుడు ఒకే ప్రెషర్ ఉండాలి. డిక్కీలో చెప్పుల బాక్సు, నీళ్ల క్యాను ఉంటే తీసేయండి.

పరుగుకీ పరుగుకీ మధ్య మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా నడపండి. 1.0 టీఎస్ఐలో టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే కూలర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే ఉంటుంది, నీళ్లతో చల్లబడుతుంది. వెంటవెంటనే పరుగులు తీస్తే ఆ నీళ్లు వేడెక్కి, నాలుగో పరుగు మొదటి దానికన్నా నెమ్మదిగా వస్తుంది. ఓబీడీలో ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత చూసి, మొదటి పరుగు నాటి అంకెకు దిగాకే మళ్లీ మొదలెట్టండి.

ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 20 డిగ్రీల గాలికన్నా 40 డిగ్రీల గాలి 6 శాతం పలచన. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాద్ గాలి విశాఖ గాలికన్నా సుమారు 5 శాతం పలచన. టర్బో ఇందులో కొంత సర్దుకుంటుంది, మొత్తం కాదు. మే నెల మధ్యాహ్నం ముందు కొలత, డిసెంబరు ఉదయం తర్వాత కొలత తీసుకుంటే ఏ పార్టూ కొనకుండానే బండి చురుకెక్కుతుంది. వీలైతే రెండు కొలతలూ అదే ట్రాక్‌లో, దగ్గర దగ్గర ఉష్ణోగ్రతల్లో తీసుకోండి. ప్రతి పరుగు పక్కనా ఉష్ణోగ్రత రాయండి. పెట్రోల్ కూడా అదే బంకు, అదే రకం.

అంకెల్ని పవర్‌గా మార్చడం

ఆరు పరుగులు ఇలా వచ్చాయనుకుందాం: 5.1, 4.9, 5.0, 5.2, 4.9, 5.0. సగటు 5.02. అతి తక్కువకూ అతి ఎక్కువకూ మధ్య తేడా 0.3. ఈ రెండో అంకెను పెద్దక్షరాలతో రాసుకోండి, సగటుకన్నా ఇదే ముఖ్యం.

ఇప్పుడు బరువు తీసుకోండి, 1,200 కిలోలు. వేగాల్ని సెకనుకు మీటర్లలోకి మార్చండి: 60 అంటే 16.67, 100 అంటే 27.78. రెండింటి వర్గాల తేడా 494, అందులో సగం 247. దాన్ని బరువుతో గుణిస్తే దాదాపు 2,96,000 జౌళ్లు. బండికి అంత శక్తి ఎక్కించడానికి 5 సెకన్లు పట్టిందంటే సగటున 59 కిలోవాట్లు, అంటే సుమారు 81 పీఎస్. గాలిని చీల్చడానికి, గేర్‌బాక్స్‌లో, చక్రాలూ ఫ్లైవీలూ తిప్పడానికి పోయిన శక్తి ఇందులో లేదు. పైగా ఇది 60 నుంచి 100 దాకా సగటు, గరిష్ఠం కాదు. అందుకే కంపెనీ చెప్పిన 110 కనిపించదు, కంగారు పడొద్దు.

రీమ్యాప్ తర్వాత అదే పరుగు సగటున 4.4 సెకన్లు వస్తే 67 కిలోవాట్లు, 92 పీఎస్. పెరిగింది 11 పీఎస్. ఇదే లెక్కలో 0.1 సెకను అంటే సుమారు 1.6 పీఎస్. మీ పరుగుల మధ్య తేడాయే 0.3 సెకన్లు, అంటే దాదాపు 5 పీఎస్. ఎయిర్ ఫిల్టర్ అమ్మేవాడు ‘3 పీఎస్ పెరుగుతుంది సార్’ అంటే, అది నిజమైనా ఒకటి రెండు పరుగుల్లో మీకు కనిపించే అవకాశమే లేదు. కనిపించిందని చెబితే అది వాలో, గాలో, ఆశో.

ఏది ముందు, ఏది తర్వాత

ఒకసారికి ఒక్కటే మార్పు. దానికి ముందూ వెనకా కొలత. ఓపిక లేనివాళ్లు ఇక్కడే జారిపోతారు.

మొదట టైర్లు, బ్రేకులు. వీటితో పవర్ పెరగదు, కానీ 100 కన్నా 120 దగ్గర బండిలో ఉండే శక్తి 44 శాతం ఎక్కువ, దాన్నంతా మింగాల్సింది బ్రేకులే. పోలోలో వెనక డ్రమ్‌లే ఉంటాయి. మంచి ముందు ప్యాడ్‌లు, కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ చాలు. ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. టైరు సైజు మారిస్తే మాత్రం గేరింగ్ కూడా మారినట్టే: 185/60 ఆర్15 నుంచి 195/55 ఆర్16కి వెళ్తే చక్రం 3 శాతం పెద్దదవుతుంది. అదే ఆర్‌పీఎంకు వేగం 3 శాతం పెరుగుతుంది, ఆ మేరకు లాగుడు తగ్గుతుంది. కొత్త టైర్లతో మొదటి కొలత మళ్లీ తీసుకోవాలి.

తర్వాత రీమ్యాప్. టర్బో బండిలో డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చేది ఇదొక్కటే. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఎంత బూస్ట్ అడగాలి, ఇగ్నిషన్ (స్పార్క్) ఎంత ముందుగా ఇవ్వాలి అన్న పట్టికల్ని ట్యూనర్ మారుస్తాడు. వెళ్లగానే ఈ ప్రశ్నలు అడగండి: నా అసలు ఫైల్ సేవ్ చేసి నాకిస్తారా? ఇది ఎంత ఆక్టేన్ పెట్రోల్‌కు రాసిన మ్యాప్? రోడ్డు మీద లాగ్ (నడిచేటప్పుడు ఈసీయూ అంకెల నమోదు) తీసి సరిచేస్తారా, లేక ఫైల్ ఎక్కించి పంపేస్తారా? టార్క్ ఎక్కడ కట్టడి చేస్తారు? మూడో ప్రశ్నకు జవాబు తడబడితే లేచి వచ్చేయండి. టార్క్ కట్టడి ఎందుకంటే, 1.2 జీటీలో ఉన్న డ్రై క్లచ్ డీఎస్‌జీకి 250 ఎన్ఎం దాకే ఓపిక. మాన్యువల్ క్లచ్ కూడా కంపెనీ టార్క్‌కు తగ్గట్టు పెట్టిందే. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో ఇంకో గండం కూడా ఉంది: 1,500 ఆర్‌పీఎం దగ్గర పెద్ద గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కేస్తే, స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌ను దెబ్బతీయొచ్చు. మంచి మ్యాప్‌లో కింది ఆర్‌పీఎంలో టార్క్ మెల్లగా పెరుగుతుంది. ‘1,500కే తన్నుకొస్తుంది’ అని గొప్పగా చెప్పే మ్యాప్ నాకొద్దు.

రీమ్యాప్ తర్వాత ఓబీడీ లాగ్ తీసి చూడండి. అడిగిన బూస్ట్‌కూ వచ్చిన బూస్ట్‌కూ పొంతన ఉండాలి. సిలిండర్ వారీగా ఇగ్నిషన్ ఎంత వెనక్కి లాగుతోందో చూడాలి. ప్రతి పరుగులోనూ నాక్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) వల్ల ఈసీయూ టైమింగ్ గట్టిగా వెనక్కి లాగుతూనే ఉందంటే, ఆ మ్యాప్ మీ పెట్రోల్‌కు మోయలేని బరువు. ఎక్స్‌పీ95 లాంటి ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోసి మళ్లీ లాగ్ తీయండి, తగ్గకపోతే ట్యూనర్ దగ్గరకు వెనక్కి.

ఎయిర్ ఫిల్టర్ గురించి మొదట్లోనే చెప్పాను. టర్బో ఇంజిన్‌లో ఈసీయూకు కావలసింది ఫలానా బూస్ట్. ఫిల్టర్ గాలిని తేలిగ్గా వదిలితే టర్బో కొంచెం తక్కువ కష్టపడి అదే బూస్ట్ ఇస్తుంది, అంతే. ఇంజిన్ పక్కనే తెరిచి పెట్టే కోన్ ఫిల్టర్ అయితే బానెట్ కింది వేడి గాలినే పీలుస్తుంది, మన ఎండల్లో అది నష్టమే.

ఎగ్జాస్ట్‌ది కొండంత రాగం తీసి లొట్టి పాట పాడిన వ్యవహారం. వెనక మఫ్లర్ ఒక్కటి మారిస్తే శబ్దం తప్ప ఏమీ మారదు. కెటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే నిజంగానే కొంత పెరుగుతుంది, కానీ పొల్యూషన్ పరీక్షలో నిలవదు, వెనక వచ్చేవాళ్లంతా మీ పొగే పీల్చాలి. దాని జోలికి వెళ్లకండి.

డైనో మీద ఎలా నడచుకోవాలి

డైనో చూపేది చక్రాల దగ్గరి పవర్. దానికి ఎంతో శాతం కలిపి ఇంజిన్ పవర్ అని ప్రింట్ తీసిస్తారు, ఆ శాతం చాలాసార్లు ఊహే. అందుకే అసలు అంకెను పట్టించుకోకండి, ముందుకూ తర్వాతకూ తేడానే చూడండి. రెండూ అదే డైనో మీద, అదే గేర్‌లో, అదే టైరు ప్రెషర్‌తో, ముందర పెద్ద ఫ్యాన్ పెట్టి, ఒక్కోసారికి మూడు పుల్‌ల (పరుగుల) చొప్పున. వాతావరణ సవరణ లేని కాగితం కూడా అడగండి. ఆ సవరణ సూత్రాలు టర్బో లేని ఇంజిన్లకు సరిపోయినట్టు టర్బో ఇంజిన్లకు సరిపోవు. వేడిగా ఉన్న రోజు టర్బో తానే సర్దుకున్న దానికి మళ్లీ ఇంకొంత కలిపి, అంకెను ఉబ్బిస్తాయి. నా స్నేహితుడికి ఒకచోట ముందు కొలత ఒక గేర్‌లో, తర్వాత కొలత ఇంకో గేర్‌లో తీసి 30 పీఎస్ పెరిగిందని కాగితం ఇచ్చారు. ఇంటికొచ్చి 60–100 తీస్తే అందులో మూడో వంతు కూడా లేదు.

చివరిగా, వెనక్కి మార్చి చూడండి

ఇది దాదాపు ఎవరూ చేయరు. పార్ట్ పెట్టి కొలిచాక, దాన్ని తీసేసి, పాతది బిగించి, అదే రోజు మళ్లీ ఆరు పరుగులు తీయండి. సమయం పాత అంకెకే తిరిగొస్తే ఆ పెరుగుదల పార్ట్‌దే. రాకపోతే ఆ రోజు చల్లబడిన గాలిదో, వేడెక్కిన టైర్లదో. ఫిల్టర్‌కు ఇది పది నిమిషాల పని. రీమ్యాప్‌కు కూడా కొందరు ట్యూనర్లు పాత ఫైల్, కొత్త ఫైల్ మార్చుకునే పరికరం ఇస్తారు. అలాంటిది ఉంటే ఒకే ఉదయం పాత, కొత్త, పాత అని మూడు విడతలు తీయొచ్చు.

నోట్‌బుక్‌లో ప్రతి మార్పు ఎదురుగా ఖర్చు, తగ్గిన సమయం, ఆ రోజు పరుగుల మధ్య తేడా రాయండి. తగ్గిన సమయం ఆ తేడాలోనే మునిగిపోతే దాని పక్కన సున్నా వేయండి. విప్పిన కంపెనీ పార్ట్‌లను పేర్లు రాసి అట్టపెట్టెలో దాచండి. పోలోకి కొత్తవి రోజురోజుకూ కరువవుతున్నాయి, బండి అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది వాటినే.